గోరుచుట్టు మీద రోకటి పోటు

ఈ సామెత మీరు వినే ఉంటారు. కష్టం మీద కష్టం వచ్చిపడినప్పుడు పెద్దవాళ్ళు ఈ మాట అంటారు. గోరు చుట్టూ వాచి చీము పట్టినప్పుడు దుప్పటి అంచు తగిలినా ప్రాణం విలవిలలాడుతుంది. ఇక రోకలే పడితే చెప్పాలా? మరి అంత చిన్న గోటి దగ్గర ఇంత పెద్ద నొప్పి ఎందుకు పుడుతుంది? కాలివేలికి జబ్బు చేస్తే ఎవరికి చూపించాలి? డాక్టరు ఏం చేస్తారు? అసలు నొప్పే లేకపోతే హాయి కదా? ఈ ప్రశ్నలకు జవాబులు చూద్దాం.

కాలివేళ్ళ పని ఏమిటి?

మన పాదంలో 26 ఎముకలు ఉన్నాయి. రెండు పాదాలకూ కలిపి 52. పెద్దవాళ్ళ శరీరంలో మొత్తం ఎముకలు 206. అంటే సుమారు నాలుగో వంతు ఎముకలు పాదాల్లోనే ఉన్నాయన్నమాట! ఒక్కో పాదంలోని 26 ఎముకల్లో 14 కాలివేళ్ళవే. బొటనవేలికి రెండు, మిగిలిన నాలుగు వేళ్ళకూ మూడేసి.

చెప్పులు విప్పి నెమ్మదిగా నాలుగు అడుగులు వేసి చూడండి. మొదట మడమ నేలను తాకుతుంది. తర్వాత బరువు పాదం మీదుగా ముందుకు జరుగుతుంది. చివరికి బొటనవేలు నేలను వెనక్కి నెట్టి లేస్తుంది. ఇప్పుడు రెండు బొటనవేళ్ళూ పైకి ఎత్తిపట్టి నడవండి. అడుగు తడబడుతుంది. పరుగెత్తడం మరీ కష్టం. బొటనవేలు చేసే ఉపకారం అప్పుడు తెలుస్తుంది.

గోరు కథ

గోరు కెరటిన్ అనే పదార్థంతో తయారవుతుంది. మన వెంట్రుకలూ, ఆవు కొమ్ము పైతొడుగూ ఈ పదార్థమే. మనకు కనిపించే గోటిలో ప్రాణం లేదు. అందుకే కత్తిరించినా నొప్పి పుట్టదు. ప్రాణమంతా చర్మం కింద దాగి ఉన్న గోటి మూలంలో ఉంది. అక్కడ కొత్త కణాలు పుట్టి, గట్టిపడి, పాతవాటిని ముందుకు నెడతాయి. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాలిగోరు అందులో సగమే పెరుగుతుంది. కాలి బొటనవేలి గోరు పూర్తిగా ఊడితే మళ్ళీ రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది.

గోటికి పైన గట్టి పలక, కింద ఎముక. ఈ రెంటి మధ్య చోటు చాలా తక్కువ. అక్కడ చీము చేరితే వాపు ఎటూ విస్తరించలేదు. వేలి కొనలో నరాల కొసలు దట్టంగా ఉన్నాయి. వాపు వాటిని నొక్కుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా సలుపు పుట్టేది అందుకే.

జబ్బులు ఎలా వస్తాయి?

నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెం చుట్టుపక్కల పెన్నా నీటితో వరి పండుతుంది. నీళ్ళు సంగం ఆనకట్ట నుంచి కనిగిరి జలాశయానికి, అక్కడి నుంచి కాలవల్లోకి చేరతాయి. నాట్ల రోజుల్లో పనివాళ్ళు ఉదయం నుంచి సాయంత్రం దాకా బురదలో నిలబడతారు. ఎక్కువసేపు నానిన చర్మం తెల్లబడి, మెత్తబడి, వేళ్ళ సందుల్లో ఒరిసిపోతుంది. గాలి సోకని ఆ తడిలో బూజుజాతి క్రిములు చేరతాయి. పగిలిన చర్మం గుండా చీము పట్టించే క్రిములు లోపలికి పోతాయి. పని ముగిశాక కాళ్ళు కడుక్కుని, వేళ్ళ సందులు పొడిగుడ్డతో తుడుచుకుంటే ఈ బాధ చాలావరకు రాదు.

బడికి బూట్లు వేసుకుని వెళ్ళే మీకు వచ్చే జబ్బు వేరు. బూటు ఇరుకైతే గోటి పక్కనున్న కండ గోటి అంచుకు ఒత్తుకుంటుంది. గోటి మూలలను గుండ్రంగా, లోతుగా కత్తిరించే అలవాటు కూడా ఉంటే, మిగిలిపోయిన చిన్న ముక్క ములుకులా కండలోకి దిగుతుంది. వేలు ఎర్రబడుతుంది, వాస్తుంది, చీము కారుతుంది. చెప్పు ఒకేచోట రాసుకుంటే చర్మం తనను కాపాడుకోవడానికి మందమవుతుంది. అదే ఆనెకాయ.

డాక్టరు ఏం చేస్తారు?

బ్రిటన్, అమెరికా వంటి దేశాల్లో పాదాలకు ప్రత్యేక వైద్యులున్నారు. మన దగ్గర ఈ పని సాధారణంగా శస్త్రవైద్యులు, చర్మవైద్యులు, ఎముకల వైద్యులు చేస్తారు. మొదట దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోవాలి. పెద్ద వైద్యం అవసరమైతే వాళ్ళే పైకి పంపుతారు. బుచ్చిరెడ్డిపాలెం వాళ్ళకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో నెల్లూరు ఉంది. అక్కడ 2014లో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడింది. దానికి అనుబంధంగా పెద్దాసుపత్రి ఉంది.

గోరు అప్పుడే గుచ్చుకుంటూ ఉంటే కోత అక్కర్లేదు. గోరువెచ్చని నీళ్ళలో పాదం నానబెట్టడం, వదులు చెప్పులు వేసుకోవడం, గోరు పెరిగేదాకా దాన్ని కదిలించకుండా ఉండడం చాలు. చీము పట్టినా, మళ్ళీ మళ్ళీ వస్తున్నా చిన్న శస్త్రచికిత్స చేస్తారు.

ముందు వేలి మొదట్లో రెండు పక్కలా మత్తు సూది వేస్తారు. వేలికి వచ్చే నరాలు ఆ దారినే వస్తాయి. దారి మూస్తే నొప్పి కబురు మెదడుకు అందదు. ఇందుకు వాడే లిగ్నోకెయిన్ మందును 1943లో స్వీడన్ దేశంలో తయారుచేశారు. మీరు మేలుకునే ఉంటారు, మాట్లాడుతూనే ఉంటారు, నొప్పి మాత్రం తెలియదు. తర్వాత గుచ్చుకున్న అంచును మాత్రం నిలువుగా కత్తిరించి తీస్తారు. ఆ పక్క మూలంలో కాస్త ఫినాల్ అద్దుతారు. ఆ మేరకు మూలం చచ్చిపోతుంది, అక్కడ గోరు మళ్ళీ మొలవదు. మిగతా గోరు ఎప్పటిలాగే పెరుగుతుంది. ఫినాల్ అంటే కార్బాలిక్ ఆమ్లమే. 1865లో గ్లాస్గో నగరంలో జోసెఫ్ లిస్టర్ పుండ్లలో క్రిములు చేరకుండా వాడింది దీన్నే.

నొప్పి లేని వేలు

ఇంతవరకు నొప్పిని శత్రువులా చూశాం. ఇప్పుడు కథ తిరగేద్దాం.

పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో పుట్టాడు. ఇంగ్లండులో చదివి 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చాడు. చిత్తూరు జిల్లాకు ఆనుకొనే ఉన్న ఊరది. కుష్ఠు వల్ల కండ కుళ్ళి వేళ్ళు రాలిపోతాయని ఆ రోజుల్లో అందరూ అనుకునేవారు. బ్రాండ్ పరిశీలిస్తే సంగతి వేరని తేలింది. కుష్ఠు క్రిమి నరాలను చంపుతుంది. స్పర్శ పోయిన కాలికి ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా తెలియదు. ఆ మనిషి పుండు మీదే నడుస్తాడు. అలా ఎముక దాకా పాడవుతుంది. కొందరు రోగుల వేళ్ళ ముక్కలు రాత్రికి రాత్రే మాయమయ్యేవి. కాపలా కాస్తే తెలిసింది, నిద్రలో ఎలుకలు కొరుకుతున్నాయి! నొప్పి లేదు కనుక వాళ్ళు మేలుకోలేదు. ఆ తర్వాత ఆ రోగులకు పిల్లులను ఇచ్చారు.

వంకరపోయిన వేళ్ళను సరిచేయడానికి, పనిచేస్తున్న కండరం స్నాయువును మరోచోట కలిపి కుట్టే శస్త్రచికిత్సలను బ్రాండ్ బృందం అభివృద్ధి చేసింది. మెత్తని రబ్బరు చెప్పులు తయారుచేయించింది. నేడు కుష్ఠు మందులతో పూర్తిగా నయమవుతుంది.

కానీ స్పర్శ పోవడానికి మన ఇళ్ళలో నేడు మరో కారణం ఉంది. అది చక్కెరవ్యాధి. ఏళ్ళ తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే నరాలు, రక్తనాళాలు దెబ్బతింటాయి. అందరికంటే ముందు దెబ్బ తగిలేది అతి పొడవైన నరాలకు, అంటే పాదాలకు వెళ్ళేవాటికి. నొప్పి తెలియదు, రక్తం సరిగా అందదు, పుండు మానదు. వేలు నల్లబడి చచ్చిపోతే, పాదాన్ని కాపాడడానికి ఆ వేలిని తీసివేయక తప్పదు. ముందే గుర్తిస్తే చాలాసార్లు ఆ అవసరం రాదు.

మీరు చేయగల పరీక్ష

ఇంట్లో అమ్మమ్మకో తాతయ్యకో చక్కెరవ్యాధి ఉంటే ఈ పరీక్ష చేయండి. ఖర్చు లేదు, పనిముట్టు అక్కర్లేదు.

వారిని కళ్ళు మూసుకుని పడుకోమనండి. తాకినప్పుడు ఏ కాలో, కుడో ఎడమో చెప్పమనండి. మీ చూపుడువేలి కొనతో బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను ఒక్కొక్కటిగా తాకండి. రెండు పాదాలకూ కలిపి ఆరుసార్లు. ఒకటి రెండు సెకన్లు తేలికగా తాకితే చాలు. నొక్కకూడదు, గిచ్చకూడదు, రెండోసారి తాకకూడదు. ఆరింటిలో రెండు గాని అంతకంటే ఎక్కువ గాని తెలియకపోతే స్పర్శ తగ్గిందన్నమాట. డాక్టరుకు చూపించాలి.

స్పర్శ తగ్గినవారు వట్టి కాళ్ళతో నడవరాదు. కాళ్ళను వేడినీళ్ళలో పెట్టరాదు, వేడి తెలియక కాలుతాయి. ఆనెకాయను బ్లేడుతో కోయరాదు. రోజూ పాదాల అడుగు చూసుకోవాలి. చూపు ఆనని తాతయ్యకు ఆ పని మీరే చేసిపెట్టాలి. పుండు చిన్నదైనా, నొప్పి లేకపోయినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళమని ఇంట్లో చెప్పండి. నొప్పి లేని పుండే ఎక్కువ ప్రమాదమని కూడా చెప్పండి.

ఇక మీ గోళ్ళు. స్నానం చేశాక మెత్తబడినప్పుడు, మూలలు తవ్వకుండా, తిన్నగా అడ్డంగా కత్తిరించుకోండి.