సమాచారమూ అమానతే

ఇతరుల ఇళ్లలోకి అనుమతి లేకుండా ప్రవేశించరాదని దివ్య ఖుర్‌ఆన్ నూర్ సూరాలో ఆదేశించింది. సలాం చేయాలి, అనుమతి పొందాలి, ఆ తర్వాతే లోపలికి వెళ్లాలి. తిరిగి వెళ్లమంటే తిరిగి వెళ్లాలి. ఇతరుల రహస్యాలను కూపీ లాగడాన్ని హుజురాత్ సూరా నిషేధించింది. ఒక వ్యక్తి దైవప్రవక్త (సఅసం) గృహంలోకి తలుపు సందులోంచి తొంగిచూసినప్పుడు ఆయన తీవ్రంగా మందలించారు. అనుమతి కోరే నియమం పెట్టిందే చూపు కోసమని తెలియజెప్పారు. సహీహ్ బుఖారీలో నమోదైన ఈ ఉదంతం మనకొక గొప్ప పాఠం. గడప దాటకపోయినా, తొంగిచూడడం కూడా చొరబాటే.

ఈ నియమం నేడు మన చేతుల్లోని ఫోనుకూ వర్తిస్తుంది. మనం రాత్రి తలుపులకు గడియ వేస్తాం. కిటికీలకు పరదాలు కడతాం. కానీ అదే ఇంటి ఫొటోలను, పిల్లల పుట్టిన తేదీలను, ఆధార్ కార్డులను అడిగినవారందరికీ ఆలోచించకుండా పంపేస్తున్నాం.

వేలిముద్రలకూ దొంగలున్నారు

2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక మోసం బయటపడింది. భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజులు ఇంటర్నెట్‌లో అందుబాటులో ఉండేవి. వాటిమీద ఉన్న వేలిముద్రలను ఒక వ్యక్తి తీసుకుని, నకలు ముద్రలు తయారుచేసి, అసలు మనుషులకు తెలియకుండా వారి పేర్ల మీద సిమ్ కార్డులను పనిచేయించాడని పోలీసులు వెల్లడించారు. పాస్‌వర్డ్ పోతే మరొకటి పెట్టుకోవచ్చు. అల్లాహ్ ప్రసాదించిన వేలిముద్రను మార్చుకోలేం కదా!

దీనికి రక్షణ మార్గం ఉంది. ఆధార్ సంస్థ వెబ్‌సైటులోగానీ, దాని యాప్‌లోగానీ వేలిముద్రలకు తాళం వేసుకునే వీలుంది. అవసరమైనప్పుడు తెరిచి, పని కాగానే మళ్లీ వేసుకోవచ్చు. నంబరులో చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ఆధార్ ప్రతిని కూడా అక్కడే పొందవచ్చు. ఉమ్రా ఏజెంటుకైనా, లాడ్జికైనా కాగితం ఇచ్చేముందు ఈ ప్రతి సరిపోతుందా అని అడగాలి. ఏ పనికోసం ఇస్తున్నామో ప్రతిమీద రాసి, తేదీ వేసి ఇవ్వడం మరీ మంచిది.

రిష్తాల వేళ జాగ్రత్త

పెళ్లి సంబంధాల విషయంలో మన కుటుంబాలు మరింత మెలకువగా ఉండాలి. అమ్మాయి ఫొటో, చదువు, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, తండ్రి ఫోను నంబరు అన్నీ ఒకే కాగితం మీద రాసి వాట్సాప్ గ్రూపుల్లో పెడుతున్నారు. ఆ కాగితం ఎన్ని చేతులు మారుతుందో పంపినవారికి తెలియదు. మొదట చదువు, కుటుంబ వివరాలు చాలు. పెద్దలు మాట్లాడుకున్నాక, అమ్మాయి అంగీకారంతో, ఆ ఒక్క కుటుంబానికే ఫొటో పంపవచ్చు. సంబంధం కుదరకపోతే తొలగించమని అడగడంలో తప్పులేదు.

2021 జూలైలో ఒకసారి, 2022 జనవరి 1న ‘బుల్లీ బాయి’ పేరుతో మరోసారి, దుర్మార్గులు ముస్లిం స్త్రీల ఫొటోలను వారి సామాజిక మాధ్యమాల పేజీల నుంచి దొంగిలించి, వేలం వేస్తున్నట్టు చూపే యాప్‌లు తయారుచేశారు. బాధితుల్లో పాత్రికేయులూ ఉన్నారు. రెండు కేసుల్లోనూ నిందితులను పోలీసులు అరెస్టు చేశారు. ఇక్కడ దోషం ఎవరిదో మనం స్పష్టంగా తెలుసుకోవాలి. తొంగిచూసినవాడిదే దోషం, ఇంట్లో ఉన్నవారిది కాదు.

కనుక ఎవరో తన ఫొటో అడ్డం పెట్టుకుని బెదిరిస్తున్నారని బిడ్డ వచ్చి చెబితే తిట్టకూడదు. ఫోను లాక్కోకూడదు, చదువు మాన్పించకూడదు. ఇంట్లో భయం ఉంటే బిడ్డ చెప్పదు. ఆ మౌనమే బెదిరించేవాడికి బలం. వచ్చిన సందేశాలను చెరిపివేయకుండా ఉంచి, 1930 నంబరుకు గానీ, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో గానీ ఫిర్యాదు చేయాలి. బ్యాంకు డబ్బు పోయినా ఇదే నంబరు. ఎంత త్వరగా ఫోను చేస్తే సొమ్ము ఆపడానికి అంత అవకాశం ఉంటుంది.

ఇతరుల సమాచారం మన చేతిలో

మరో కోణం కూడా ఉంది. మన ఫోనులో మన వివరాలే కాదు, బంధుమిత్రులవీ ఉంటాయి. మక్కా వాసులు దైవప్రవక్త (సఅసం)ను వ్యతిరేకిస్తూనే తమ విలువైన వస్తువులను ఆయన వద్దే దాచుకునేవారు. ప్రాణాలు తీయడానికి కుట్ర పన్నిన వేళ కూడా, వారి అమానతులను తిరిగి అప్పగించే బాధ్యతను హజ్రత్ అలీ (రజి)కి ఒప్పజెప్పి ఆయన మదీనాకు హిజ్రత్ చేశారు. అటుఇటు చూసి ఒకడు చెప్పిన మాట కూడా అమానతేనని ఆయన బోధించారు. అలాంటప్పుడు ఒకరు నమ్మి పంపిన సందేశాన్ని, వలీమాలో తీసిన ఇతరుల ఇంటి ఆడపిల్లల ఫొటోను అడక్కుండా మరొకరికి పంపడం ఏమవుతుంది? అమానతులో ఖియానత్ కాదా!

దేశ చట్టం కూడా ఈ హక్కును గుర్తించింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పునిచ్చింది. 2023లో వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. అయితే మన గడియ మనమే వేసుకోవాలి.

ఈ జుమా రోజున ఇంటిల్లిపాదీ కూర్చుని కొన్ని పనులు చేసుకుందాం. వాట్సాప్‌కు రెండో తాళంగా ఆరు అంకెల పిన్ పెడదాం. బ్యాంకు పేరు చెప్పినా, పోలీసు పేరు చెప్పినా ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని పెద్దలకు వివరిద్దాం. డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కర్లేదని గుర్తుచేద్దాం. ఏదైనా పంపేముందు, ఇది ఎవరి అమానత్ అని ఒక్క క్షణం ప్రశ్నించుకుందాం. అమానతులను కాపాడే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.