మీకు తెలుసా? నెలలు నిండాక లోపలి పరీక్ష

గర్భిణికి నెలలు నిండేదాకా గర్భాశయ ముఖద్వారం వెన్ను వైపు తిరిగి ఉంటుంది. కాన్పు దగ్గరపడేకొద్దీ మెత్తబడి ముందుకు జరుగుతుంది. ఇంకా వెనకే ఉంటే వేలికి సరిగా అందదు. పరీక్ష నొప్పెట్టడానికి అదీ ఒక కారణం. పిడికిళ్లు పిరుదుల కింద పెట్టుకుని, నోటితో నెమ్మదిగా ఊపిరి వదిలితే కొంత సులువు.

ఎటు తిరిగింది, ఎంత విచ్చుకుంది, ఎంత పలచబడింది, ఎంత మెత్తబడింది, బిడ్డ తల ఎంత దిగింది: ఈ ఐదింటికీ మార్కులేసే పద్ధతిని 1964లో అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ బిషప్ చెప్పాడు. మందులతో నొప్పులు తెప్పిస్తే ఫలిస్తుందా అని తేల్చుకోవడానికే అది. కాన్పు ఫలానా రోజని మాత్రం చెప్పదు. రెండు సెంటీమీటర్లు విచ్చుకున్నాక కూడా రోజుల తరబడి ఆగేవాళ్లుంటారు!

నొప్పులు ఊపందుకున్నాక నాలుగు గంటలకోసారి చూడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. మాయ ముఖద్వారానికి అడ్డంగా ఉంటే అసలు చెయ్యి పెట్టకూడదు. అందుకే మేళ్లచెరువు నుంచి కోదాడకో సూర్యాపేటకో కాన్పుకు వెళ్లేవారు మాయ ఎక్కడుందో తెలిపే స్కానింగ్ రిపోర్టు వెంట తీసుకెళ్లండి. రక్తం పోతుంటే వెంటనే 108కు ఫోన్ చేయండి. పరీక్ష ఎందుకో అడగండి. వద్దనే హక్కూ మీకుంది.