షెడ్డులో ప్రమాదమైతే పరిహారం యజమానిదే

విజయవాడ: జాకీ జారి లారీ కింద మెకానిక్ నలిగినా, వెల్డింగ్ రవ్వలు పెట్రోలు ట్యాంకుపై పడి హెల్పర్ గాయపడినా పరిహారం చెల్లించాల్సింది షెడ్డు యజమానే. షెడ్డుకు తీసుకున్న అగ్నిప్రమాద బీమా పనివారికి వర్తించదు. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం నిర్దేశించిన ఈ బాధ్యత, 2025 నవంబరు 21న దాని స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ కొనసాగుతోంది. మరణం సంభవిస్తే ‘వాడి అజాగ్రత్తే’నన్న వాదన చెల్లదు.

పదిమందికి తగ్గకుండా పనిచేసే చోట ఈఎస్ఐ ఆదుకుంటుంది. ఇద్దరు ముగ్గురితో నడిచే ఆటోనగర్ షెడ్లు సాధారణంగా ఆ పరిధిలోకి రావు.

మృతుని నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చవేస్తారు. 25 ఏళ్లకు అది 216.91. వేతనం రూ.15 వేలైతే పరిహారం రూ.16,26,825. అద్దె షెడ్డులోని పనిముట్లన్నీ అమ్మినా అంత మొత్తం రాదు.

సాధారణ బీమా సంస్థలు విక్రయించే ఉద్యోగుల పరిహార పాలసీ ఈ భారాన్ని భరిస్తుంది. పని స్వభావం, ఏటా చెల్లించే వేతనాల మొత్తాన్ని బట్టి ప్రీమియం ఉంటుంది. చిక్కంతా ఇక్కడే. ప్రీమియం తగ్గించుకునేందుకు నలుగురుంటే ఇద్దరినే చూపినా, వేతనం తక్కువగా రాయించినా క్లెయిములో కోత పడవచ్చు. మిగిలింది యజమాని జేబులోంచే పోతుంది. వేతన రిజిస్టరు లేని షెడ్డులో తమవాడు పనిచేసేవాడని రుజువు చేయడం బాధిత కుటుంబానికీ కష్టమే. జీతాన్ని బ్యాంకు ఖాతాలో జమచేస్తే ఆ ఆధారం ఇద్దరికీ దక్కుతుంది.