ఆరేళ్ల పాపతో న్యూజిలాండ్: మ్యాప్‌లో చిన్నదే, రోడ్డు మీద మాత్రం కాదు

ఇవాళ్టి ఎపిసోడ్ న్యూజిలాండ్ గురించి. మన వ్యూయర్ ఒక అక్క మెసేజ్ పెట్టారు. "తమ్ముడూ, సంక్రాంతి సెలవులకి ఇంకో నాలుగు రోజులు కలిపి పాపని న్యూజిలాండ్ తీసుకెళ్దామనుకుంటున్నాం. పాపకి ఆరేళ్లు. పది రోజుల్లో రెండు దీవులూ చుట్టేయొచ్చా?" అని. ప్లాన్ కూడా పంపారు. రోజుకో ఊరు, రోజుకో హోటల్. చూడగానే నాకు పాప మీద జాలేసింది.

ముందు సైజు సంగతి చూద్దాం. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే దాదాపు 2.75 లక్షల చదరపు కిలోమీటర్లు. న్యూజిలాండ్ దాదాపు 2.68 లక్షలు. అంటే పాత ఉమ్మడి రాష్ట్రం అంత అన్నమాట. జనం మాత్రం 53 లక్షల దాకానే, హైదరాబాద్ కంటే తక్కువ. "అంతే కదా, కారేసుకుని తిరిగేద్దాం" అనిపిస్తుంది. కానీ ఆ దేశం బద్దలాగా పొడుగ్గా ఉంటుంది, పై నుంచి కింద దాకా దాదాపు 1,600 కిలోమీటర్లు. మధ్యలో కొండలు. చాలా చోట్ల అటొక లైను ఇటొక లైను ఉన్న రోడ్లే.

ఒక్క ఉదాహరణ చెప్తాను. క్వీన్స్‌టౌన్ నుంచి మిల్‌ఫర్డ్ సౌండ్. ఇన్‌స్టాలో మీరు చూసే ఫోటోల్లో సగం అక్కడివే: నల్లటి నీళ్లు, నిటారు కొండలు, జలపాతాలు. పక్షిలా ఎగిరి వెళ్తే దగ్గరే. రోడ్డు మీదయితే కొండలన్నీ చుట్టుకుని దాదాపు 290 కిలోమీటర్లు, నాలుగు గంటలు. రావడానికి మళ్లీ నాలుగు. మధ్యలో బోటు రెండు గంటలు. ఆరేళ్ల పిల్లకి అది సెలవా, శిక్షా? అందుకే నేనయితే ముందురోజు టె అనావ్ అనే ఊళ్లో ఆగమంటాను. అక్కడి నుంచి రెండు గంటలే.

ఇంకోటి, మిల్‌ఫర్డ్‌లో ఏడాదికి 6 మీటర్లకు పైగా వాన పడుతుంది. మీరు వెళ్లిన రోజు వాన పడితే డబ్బులు పోయాయని బాధపడకండి. వాన పడితేనే అక్కడ కొండ నిండా వందల జలపాతాలు పుడతాయి, వాన ఆగాక చాలావరకు మాయమైపోతాయి. పిల్లలకి అదే మజా. కుట్టే చిన్న ఈగలు ఉంటాయి, శాండ్‌ఫ్లై అంటారు. ఫుల్ ప్యాంటు వేయండి, ఒంటికి దోమల క్రీమ్ రాయండి.

సరే, ఇప్పుడు అసలు మేటర్. న్యూజిలాండ్‌లో పిల్లలు నోరెళ్లబెట్టి చూసేవీ, మన పెద్దవాళ్లు ఇబ్బంది పడేవీ, చాలావరకు ఒక్క కారణం నుంచే వచ్చాయి. అది చాలా దూరంగా, చాలాకాలం ఒంటరిగా ఉన్న దీవి.

దాదాపు 8 కోట్ల ఏళ్ల క్రితం ఆ నేల పెద్ద ఖండం నుంచి విడిపోయింది. పాలిచ్చే జంతువుల్లో అక్కడి నేల మీద సొంతంగా ఉన్నవి గబ్బిలాలే. పిల్లి లేదు, ఎలుక లేదు, ముంగిస లేదు. మరి పక్షికి నేల మీద భయం ఎందుకు? కివి పక్షి ఎగరడమే మానేసింది. రాత్రుళ్లు తిరుగుతుంది, ముక్కు చివర్న ఉన్న రంధ్రాలతో వాసన పట్టి పురుగుల్ని వెతుక్కుంటుంది. తల్లి బరువులో దాదాపు ఐదో వంతు బరువున్న గుడ్డు పెడుతుంది. ఇది పాపకి చెప్పండి, విమానంలో గంటసేపు ప్రశ్నలతోనే గడిచిపోతుంది.

తర్వాత మనుషులు వచ్చారు, వాళ్లతో ఎలుకలు, కుందేళ్లు వచ్చాయి. కుందేళ్లు ఎక్కువైపోయాయని 1880ల్లో స్టోట్ అనే ముంగిస లాంటి జంతువుని తెచ్చి వదిలారు. అది కుందేళ్లతో ఆగలేదు, కివి పిల్లల్ని తినడం మొదలుపెట్టింది. ఇంకా తింటూనే ఉంది. బయట నుంచి వచ్చే ఏ చిన్న ప్రాణి అన్నా, గింజ అన్నా ఆ దేశానికి అంత భయం అందుకే.

ఇప్పుడు మీ సూట్‌కేస్‌లోకి వద్దాం. అమ్మమ్మ కట్టిచ్చిన ఆవకాయ, సున్నుండలు, పాప బ్యాగులో సగం తిన్న యాపిల్. ఆక్లాండ్‌లో దిగాక వాసన పట్టే కుక్కలు ఉంటాయి, స్కానర్లు ఉంటాయి. తినే వస్తువు ఏదున్నా ఫామ్‌లో "ఉంది" అని చెప్పాలి. ఆ ఫామ్ ఇప్పుడు ఫోన్‌లోనే నింపొచ్చు, ఫ్రీ. పిల్లలకీ విడిగా నింపాలి. చెప్పకుండా దొరికితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల ఫైన్, మన డబ్బుల్లో దాదాపు 20 వేలు. చెప్పారనుకోండి, చూస్తారు, పర్లేదంటే తిరిగి ఇస్తారు, కుదరదంటే తీసుకుంటారు. అంతే, ఫైన్ ఉండదు. సో ఆవకాయ పోవడం వేరు, ఆవకాయతో పాటు 20 వేలు పోవడం వేరు.

తేనె మాత్రం అసలు తీసుకెళ్లకండి. పచ్చి పండ్లు కూడా వద్దు. విమానంలో ఇచ్చిన పండు ఉంటే దిగే ముందు తినేయండి, లేదా ఎయిర్‌పోర్ట్‌లో దానికోసమే పెట్టిన డబ్బాలో వేసేయండి. మట్టి అంటిన బూట్లున్నా చెప్పాలి, కాబట్టి ఇంట్లోనే కడిగేసి వెళ్లండి. తర్వాత అడవి దారుల్లో కూడా కొన్ని చోట్ల బూట్లు శుభ్రం చేసుకునే స్టాండ్‌లు కనిపిస్తాయి. అక్కడి కౌరి చెట్లకి మట్టి ద్వారా రోగం పాకుతోంది, అందుకు. పాప చేతే చేయించండి, పిల్లలకి ఇలాంటి పనులు భలే ఇష్టం.

మరి ఆ అక్కకి నేనేం చెప్పాను? ఒక దీవి ఎంచుకోండి అక్కా అన్నాను. రెండు దీవుల మధ్య ఓడ ప్రయాణమే మూడున్నర గంటలు. ఆరేళ్ల పిల్లకి నా ఓటు ఉత్తర దీవికే. ఆక్లాండ్ నుంచి రెండున్నర గంటల్లో వైటోమో. గుహలో బోటు ఎక్కిస్తారు, మాట్లాడొద్దంటారు, ఫోటోలు తీయొద్దంటారు. చీకట్లో తల పైకెత్తితే నీలం చుక్కలు, అచ్చం ఆకాశంలా. అవి మిణుగురులు కాదండోయ్. ఒక రకం చిన్న ఈగ పిల్లపురుగులు. జిగురు దారాలు వేలాడదీసి, వెలుగు చూసి వచ్చిన పురుగుల్ని పట్టి తింటాయి. పెద్దయ్యాక దానికి నోరే ఉండదు, కొన్ని రోజులే బతుకుతుంది. చీకటంటే భయపడే పిల్లయితే ముందే చెప్పి సిద్ధం చేయండి.

అక్కడి నుంచి రోటోరువా రెండు గంటలు. ఊళ్లోకి రాగానే కుళ్లిన గుడ్డు వాసన. నేల కింద వేడి, గంధకం. పిల్లలు ముక్కు మూసుకుని నవ్వుతారు, ఐదు నిమిషాల తర్వాత మర్చిపోతారు. బురద అంబలిలా కుతకుత ఉడుకుతుంటుంది. కంచె దాటనివ్వకండి. పైన గట్టిగా కనిపించే నేల కింద మరిగే నీళ్లుండొచ్చు. పాప చెయ్యి పట్టుకునే నడవండి, ఇందులో బతిమాలుడు లేదు.

కారు సంగతి. మనలాగే ఎడమ వైపు డ్రైవింగ్, స్టీరింగ్ కుడివైపే. ఇంగ్లీషులో ఉన్న మన లైసెన్స్ టూరిస్టులకి పనికొస్తుంది. కానీ ఏడేళ్ల లోపు పిల్లలకి చైల్డ్ సీటు తప్పనిసరి. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం మన ఊళ్లో నడుస్తుంది, అక్కడ నడవదు. కారు బుక్ చేసేటప్పుడే సీటు అడగండి. దిగిన రోజే లాంగ్ డ్రైవ్ మాత్రం వద్దు. జనవరిలో అక్కడి టైమ్ మనకన్నా ఏడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ పొద్దున్న ఏడంటే మన ఒంటికి రాత్రి పదకొండున్నర. స్టీరింగ్ మీదే కునుకు పడుతుంది. మొదటి రెండు రోజులు ఆక్లాండ్‌లోనే, పార్కు, బీచ్, నిద్ర. ఏదైనా ఎమర్జెన్సీ అయితే నంబర్ 111.

జనవరి అక్కడ నడి వేసవి, స్కూళ్లకి సెలవులు, కాబట్టి రూములు ముందే నిండిపోతాయి. ఎండ చల్లగానే అనిపిస్తుంది కానీ చర్మం తొందరగా కాలుతుంది. టోపీ, సన్‌స్క్రీన్ మర్చిపోకండి. మన ఇండియన్ పాస్‌పోర్ట్‌కి విజిటర్ వీసా కావాలి, పాపకి కూడా విడిగా.

అక్క మళ్లీ మెసేజ్ పెట్టారు. ప్లాన్ మార్చారట, పది రోజులకి మూడే హోటళ్లు. ఆవకాయ మాత్రం తీసుకెళ్తారట, ఫామ్‌లో రాసి. వచ్చే ఎపిసోడ్‌లో వీసా కాగితాలు ఒక్కొక్కటిగా చూద్దాం. ఉంటాను మరి.