పాత విద్యుత్ కారు: కొనుటకు ముందు చూడవలసిన విషయములు

ఒంగోలు జాతి ఎడ్లజతను కొనదలచిన రైతు ఏమి చేయును? పళ్లు చూచి వయస్సు కట్టును. డెక్కలు పరీక్షించును. సుడులు చూచును. అంతటితో తృప్తిపడక, కాడికి కట్టించి నాలుగు అడుగులు నడిపించిన పిమ్మటనే బేరమునకు దిగును. ఈ నేర్పు మన ప్రాంతమునకు తరతరముల సొత్తు. పాత విద్యుత్ కారును కొనువారికి కూడ ఇట్టి పరీక్షయే అవసరము. అయితే ఎద్దు వయస్సు పంటిలో కనబడును. విద్యుత్ కారు వయస్సు పైకి కనబడని బ్యాటరీలో దాగియుండును. దానిని తెలిసికొను మార్గములను పంచాయతీ సభ్యులకు వివరించుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మన దేశమున విద్యుత్ కారు నిన్న మొన్న పుట్టినది కాదు. బెంగుళూరులో తయారైన రేవా కారు 2001లోనే అమ్మకమునకు వచ్చినది. దానిలో ఉండినది సీసపు బ్యాటరీ. 2020 జనవరిలో టాటా నెక్సాన్, ఎం.జి. జెడ్.ఎస్. విద్యుత్ కార్లును, 2022లో టాటా టియాగో విద్యుత్ కారును వెలువడిన తరువాత లిథియం బ్యాటరీ కార్లు మధ్యతరగతి ఇండ్లకు చేరినవి. ఇప్పుడు వాని మొదటి యజమానులు కొందరు వానిని అమ్మజూపుచున్నారు. చీమకుర్తి నేడు పట్టణమైనను, దాని చుట్టుపట్ల పల్లెలలో మిరప, పొగాకు అమ్మిన సొమ్ముతో కారు కొనదలచిన రైతు మొదట సలహా అడుగునది సర్పంచును, వార్డు సభ్యునే. మీ మాట మీద ఒక కుటుంబపు కష్టార్జితము ఆధారపడియుండును.

బ్యాటరీయే ప్రాణము

పెట్రోలు కారు ఎంత పాతదైనను దాని ట్యాంకు చిన్నది కాదు. విద్యుత్ కారు బ్యాటరీ అట్టిది కాదు. ఏటేట దానిలో పట్టు విద్యుత్తు కొంత తగ్గును. బ్యాటరీ పరిమాణమును కిలోవాట్ గంటలలో చెప్పుదురు. ఇది మనకు తెలియనిది కాదు. కరెంటు బిల్లులోని ఒక యూనిట్టే ఒక కిలోవాట్ గంట. 2020 నాటి నెక్సాన్ బ్యాటరీ 30.2 యూనిట్లది. టియాగో కారులో 19.2 యూనిట్లది, 24 యూనిట్లది అని రెండు రకములు వచ్చినవి. నెక్సాన్ ఒక చార్జికి 312 కిలోమీటర్లు పోవునని ధ్రువపత్రము పొందినది. అది నియమిత పరీక్షలో తేలిన లెక్క. మన రోడ్ల మీద, ఏ.సి. వేసికొని, నలుగురు కూర్చుండి పోవునపుడు అంత దూరము రాదు.

బ్యాటరీ క్షీణతకు ముఖ్య కారణము వేడి. అమెరికాలో ఎండలు మెండుగా గల ఆరిజోనా రాష్ట్రమున 2012లో కొందరు నిస్సాన్ లీఫ్ కార్ల యజమానులు తమ బ్యాటరీల సామర్థ్యము త్వరగా పడిపోవుచున్నదని మొరపెట్టుకొనిరి. ఆ కారు బ్యాటరీని చల్లబరచుటకు ద్రవముతో నడచు ఏర్పాటు లేదు. మే నెలలో మన ప్రాంతపు ఎండ 40 డిగ్రీలు దాటుట అందరెరిగినదే. కావున కొనబోవు కారులో బ్యాటరీని చల్లబరచు ఏర్పాటు కలదా, ఉన్నచో దానిలోని ద్రవము సరిగా నున్నదా అని అడుగవలెను. నిండుగా చార్జి చేసి దినములకొలది ఎండలో నిలిపిన కారు, నీడలో నుంచిన కారు కంటె త్వరగా క్షీణించును. మాటిమాటికి వేగపు చార్జరు వాడుట కూడ కొంత కీడే.

ఇంటి మీటరుతో పరీక్ష

కారు ముందు పలకపై 100 శాతమని కనబడినంత మాత్రమున బ్యాటరీ కొత్తదానివలె ఉన్నదని భ్రమపడరాదు. అది మిగిలియున్న సామర్థ్యములో 100 శాతమే గాని, తొలినాటి సామర్థ్యములో కాదు. నిజము తెలియవలెనన్న ఇంటి కరెంటు మీటరే సాక్షి.

కారును మొదట ఒకసారి నిండుగా చార్జి చేయించి, 20 శాతమునకు వచ్చువరకు నడుపవలెను. పిమ్మట ఇంటిలోని ఇతర పరికరములను వీలైనంతవరకు ఆపి, మీటరు అంకె వ్రాసికొని, కారును 100 శాతము వరకు చార్జి చేసి, మరల అంకె వ్రాసికొనవలెను. 24 యూనిట్ల బ్యాటరీలో 80 శాతమనగా 19 యూనిట్ల చిల్లర. చార్జింగులో 10 నుండి 15 శాతము వరకు వృథాయగును గాన, మీటరు సుమారు 22 యూనిట్లు తిరుగవలెను. మీటరు 17 యూనిట్లే తిరిగినదనుకొందము. వృథా తీసివేయగా కారులోనికి చేరినది 15 యూనిట్లకు లోపు. అది 80 శాతము కనుక, నిండు బ్యాటరీ పరిమాణము సుమారు 18 న్నర యూనిట్లు. అనగా బ్యాటరీలో దాదాపు నాలుగవ వంతు పోయినదన్నమాట. ఇది ఉజ్జాయింపు లెక్కయే. కంపెనీ సర్వీసు కేంద్రమున బ్యాటరీ ఆరోగ్యపు నివేదిక తీయించి దీనితో సరిపోల్చుకొనుట మేలు.

నడిపించి చూచుట రెండవ పరీక్ష. చీమకుర్తి నుండి కర్నూలు రోడ్డున ఒంగోలు సుమారు 20 కిలోమీటర్లు. పోయి వచ్చుటకు 25 శాతము ఖర్చైనచో, ఆ కారు ఒక చార్జికి సుమారు 160 కిలోమీటర్లు నడచును. దినమును ఒంగోలు పోయి వచ్చు ఉద్యోగికి ఇది చాలును. గుంటూరు మిర్చి యార్డుకు పోయి అదే చార్జితో తిరిగి రాదలచిన రైతుకు చాలదు. క్షీణించిన బ్యాటరీ గల కారు అందరికి పనికిరానిది కాదు; కాని ధర అందుకు తగినట్లు తగ్గవలెను.

కారు అడుగు చూడుడు

అనేక కార్లలో బ్యాటరీ పెట్టె కారు అడుగుభాగమున ఉండును. గెలాక్సీ గ్రానైటుకు పేరెన్నికగన్న చీమకుర్తి ప్రాంతమున గనుల లారీలు తిరుగు దారులు, రాళ్లు, దుమ్ము మన మెరిగినవే. కారును పైకెత్తించి అడుగున సొట్టలు, చీలికలు, క్రొత్తగా విప్పి బిగించిన గుర్తులు ఉన్నవేమో చూడవలెను. సొట్టపడిన బ్యాటరీ పెట్టెను తక్కువ ధరకు వచ్చుచున్నదని కొనరాదు. నారింజ రంగు తొడుగు గల తీగెలలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు ప్రవహించును. శిక్షణ లేని మెకానిక్కును వానిని ముట్టనీయరాదు.

నీట మునిగిన కారు మరింత ప్రమాదకరము. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల వద్ద తీరము దాటినది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో అనేక వాహనములు మునిగినవి. అట్టి వాహనము కడిగి మెరుగుపెట్టినచో చూపునకు తెలియదు. కాలి క్రింది పరుపు నెత్తి బురద కొరకు చూడవలెను. సీటు బోల్టుల తుప్పును, దీపములలోని తేమను, ముక్క వాసనను గమనించవలెను. బీమా క్లెయిముల వివరము అడుగవలెను.

చార్జింగు వసతి

అన్ని కార్లకు అన్ని చార్జర్లు సరిపడవు. ప్రభుత్వ శాఖల కొరకు 2017 తరువాత కొన్న తొలి టిగోర్, ఈ-వెరిటో కార్లకు భారత్ డి.సి.-001 అను పాత పద్ధతి వేగపు చార్జింగు ఉండినది. నేటి కార్లు ఎక్కువగా సి.సి.ఎస్.-2 పద్ధతివి, వేగపు చార్జింగు కేంద్రములును అటులనే ఏర్పడుచున్నవి. కొన్ని చిన్న కార్లకు వేగపు చార్జింగే లేదు. కావున సొమ్ము చెల్లింపక ముందే కారును ఒంగోలులోని చార్జింగు కేంద్రమునకు తీసికొనిపోయి తగిలించి చూడవలెను.

ఇంటివద్ద 16 ఆంపియర్ల సాకెట్టు, మీటరు బోర్డు నుండి ప్రత్యేకమైన తీగె, మంచి ఎర్తు అవసరము. పాత వైరింగుపై రాత్రియంతయు చార్జి పెట్టినచో తీగెలు కాలి అగ్నిప్రమాదము జరుగవచ్చును. వ్యవసాయపు పంపుసెట్టుకిచ్చిన కనెక్షను నుండి కారుకు చార్జి పెట్టరాదు.

కాగితముల పరీక్ష

విద్యుత్ వాహనమునకు ఆకుపచ్చ నంబరు పలక ఉండును. తెల్లని అక్షరములున్నచో అది సొంత వాహనము. పసుపు అక్షరములున్నచో బాడుగకు తిరిగినది. బాడుగ కారు ఎక్కువ దూరము తిరిగియుండును గాన మరింత జాగ్రత్త వలెను. రిజిస్ట్రేషను పత్రములోని ఛాసిస్ నంబరును కారుపై నున్న నంబరుతో సరిచూడవలెను. అప్పు తీరినచో ఫారం 35 ద్వారా ఆ నమోదును రద్దు చేయించవలెను. యాజమాన్యపు మార్పిడికి ఫారం 29, ఫారం 30 కావలెను. మోటారు వాహనముల చట్టము ప్రకారము రాష్ట్రములోపల అమ్మిన వ్యక్తి 14 దినములలోను, కొన్న వ్యక్తి 30 దినములలోను రవాణా శాఖకు తెలుపవలెను. బీమాను కొన్నవారి పేర మార్పించుకొనుటకు గడువు 14 దినములు.

బ్యాటరీ వారంటీ సాధారణముగా 8 సంవత్సరములు లేక 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. అది రెండవ యజమానికి వర్తించునా యని వ్రాతపూర్వకముగా తెలిసికొనవలెను. జీవితకాలపు వారంటీ యని ప్రకటించినవి మొదటి యజమానికే పరిమితము కావచ్చును. 2024లో ఎం.జి. విండ్సర్ కారుతో, బ్యాటరీని కొనకుండ కిలోమీటరు లెక్కన అద్దె చెల్లించు పద్ధతి కూడ వచ్చినది. కావున కారు ఎవరిది అని మాత్రమే గాక, బ్యాటరీ ఎవరిది అని కూడ అడుగుడు. వ్యాపారి వద్ద కొన్నచో అతనికి వచ్చు లాభపు భాగముపై 18 శాతము జి.ఎస్.టి. ఉండవలెనని 2024 డిసెంబరులో మండలి నిర్ణయించినది. సాధారణ గృహస్థు మరియొక గృహస్థునకు అమ్మినచో ఈ పన్ను లేదు.

పంచాయతీ చేయదగిన పని

ఈ పరీక్షలను ఒక కాగితముపై వ్రాసి పంచాయతీ కార్యాలయపు నోటీసు బోర్డున అంటించుట తేలిక. గ్రామములో మీటరు పరీక్ష చేయగల ఎలక్ట్రీషియను నొకనిని గుర్తించి పెట్టుకొనుట ఇంకను మేలు. కొన్నవారి కార్లకు ఏ పరీక్షలో ఏ అంకె వచ్చినదో ఒక పుస్తకములో వ్రాసియుంచినచో, తరువాత కొనువారికి అదియే దారి చూపును.

అమ్మువాడు ఒక రాత్రి మీటరు పరీక్షకు, ఒక పూట నడిపించి చూచుటకు ఒప్పుకొననిచో తొందరపడవలదని మీవారికి చెప్పుడు. ఎద్దును కాడికి కట్టనీయని వాని వద్ద మన పెద్దలు బేరము సాగించలేదు. రుమాలు దులుపుకొని ముందుకు సాగిరి. మనమును అటులనే చేయుదము.