ఆకు చూసి జబ్బు తెలుసుకుందాం



మన హాస్టల్లో కుండీలల్ల, పగిలిన బకెట్లల్ల మందార, నిమ్మ, కల్యామాకు చెట్లు ఉన్నాయి. ఆకు పసుపు రంగుకు తిరిగిందంటే చాలు, ఒకరు చెంబెడు నీళ్ళు పోస్తారు, ఇంకొకరు పిడికెడు యూరియా వేస్తారు. ఏ జబ్బో తెలవకుండా గోలి మింగితే ఎట్లుంటదో ఇదీ అంతే. ముందుగాల మూడు సంగతులు చూడాలి.

1. మట్టి ఎట్లుంది?
మట్టిలోకి వేలు రెండు కణుపుల దాకా గుచ్చండి. పొడిగా తగిలితే నీళ్ళు పోయాలి. మట్టి తడిగానే ఉండి ఆకులు పసుపై వేలాడుతుంటే నీళ్ళు ఎక్కువైనట్టు. వేళ్ళకు కూడా గాలి కావాలి. ఎప్పుడూ నీళ్ళు నిలిస్తే గాలి ఆడక వేళ్ళు మురుగుతాయి. మురిగిన వేరు నీళ్ళు గుంజలేదు. అందుకే నీళ్ళల్లో ఉండి కూడా మొక్క వాడిపోతుంది. అప్పుడు నీళ్ళు ఆపి, కుండీ అడుగు బొక్క మూసుకుపోయిందేమో చూడాలి.
ఆకు అంచులు మాత్రమే ఎండి గోధుమ రంగైతే ఎండ దెబ్బ కావచ్చు, లేదా ఎరువు ఎక్కువై ఉండవచ్చు. మే నెలలో మన మంథని, రామగుండం దిక్కు 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. కుండీలను నీడకు జరపాలి.

2. ముసలి ఆకా, లేత ఆకా?
కింది ముసలి ఆకులు మొత్తం పసుపైతే నత్రజని తక్కువ. అమ్మ తన కంచంలోది తీసి పిల్లలకు పెట్టినట్టు, మొక్క ముసలి ఆకుల్లోని నత్రజని తీసి లేత ఆకులకు పంపుతుంది. మాగిన పశువుల ఎరువు వేస్తే సరిపోతుంది.
పైన లేత ఆకులు పసుపై, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము అందలేదు. ఇనుము ముసలి ఆకు నుంచి లేత ఆకుకు పోలేదు. సున్నం ఎక్కువున్న బోరు నీళ్ళు పోస్తే, మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు దొరకదు. బూడిద వేస్తే ఇంకా ఎక్కువైతది. లీటరు నీళ్ళల్లో 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం ఆకులపై చల్లాలి.

3. ఆకు అడుగున ఏముంది?
మందార కొనల్లో తెల్లటి దూది లెక్క ఉంటే అది పిండినల్లి. చీమలు ఎక్కుతుంటే అనుమానించండి. అది వదిలే తీపి నీళ్ళ కోసమే చీమలు వస్తాయి. నిమ్మ, కల్యామాకు ఒకే కుటుంబం. వాటి ఆకుల మీద పిట్ట రెట్ట లెక్క కనిపించేది సీతాకోకచిలుక పురుగు. చేత్తో ఏరేస్తే చాలు. నిమ్మ లేతాకు మీద వెండి గీతలుంటే లోపల పురుగు తొలుస్తున్నట్టు. ఆ ఆకు తెంపి దూరం పారేయాలి.
పిండినల్లికి 50 గ్రాముల వేపగింజల పప్పు దంచి లీటరు నీళ్ళల్లో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కొంచెం సబ్బు కలిపి చల్లండి.

ఒక ముఖ్యమైన మాట. పత్తికి కొట్టే మందు ఇంటి నుంచి ఎవరూ తేవద్దు. కల్యామాకు మన పప్పులోకే పోతది. 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుల మందు కలిసింది. మందు డబ్బా కడిగినా సరే, దాంట్లో నీళ్ళు గాని నూనె గాని పోయొద్దు.

ఆదివారం తలా ఒక కుండీ పంచుకొని ఆకులు తిప్పి చూద్దాం. కనిపించింది నోటుబుక్కులో రాద్దాం. మందు సంగతి తర్వాత.

– 9వ తరగతి విద్యార్థిని