ఆసుపత్రి కార్డు: చేరుటకు ముందు అడుగవలసినవి

గత సంవత్సరము మా సంఘ సభ్యుడొకరు తమ భార్యకు పిత్తాశయములో రాళ్లకై ఆపరేషన్ చేయించవలసి వచ్చినది. పట్టణములోని ఒక ఆసుపత్రి వారిచ్చిన ‘కుటుంబ కార్డు’ ఆయన వద్ద ఉన్నది. ఏటా రెండు వేలు కట్టి తీసికొన్నదే. కార్డు చూపితే చాలునని ధైర్యముగా వెళ్లినారు. తీరా బిల్లు వచ్చేసరికి పరీక్షలలోను, గది అద్దెలోను నూటికి పది తగ్గింపు తప్ప వేరేమియు లేదు. ఉన్న రెండు మగ్గములలో ఒకటి అమ్మినను చాలక అప్పు చేసినారు. ఆ రాత్రి మా ఇంటికి వచ్చి, “సెక్రటరీగారూ, నేను ఇన్నాళ్లు కట్టినది బీమా కాదా అండీ?” అని అడిగినారు.

కాదు. మన దేశములో బీమా అమ్ముటకు ఐ.ఆర్.డి.ఎ.ఐ. అను ప్రభుత్వ నియంత్రణ సంస్థ వద్ద రిజిస్టరయిన కంపెనీలకే అధికారము కలదు. ఆసుపత్రి తన పేరిట ఇచ్చు కార్డు చాలవరకు తగ్గింపు కార్డే. బీమాలో జబ్బు ఖర్చును వేరొకరు మోయుదురు. తగ్గింపులో బరువంతయు మనదే. పైగా అసలు ధర నిర్ణయించునది కూడ ఆ ఆసుపత్రియే.

అంతమాత్రమున ఆసుపత్రి చందా పట్టి వైద్యము చేయుట చెడ్డ పద్ధతి అనరాదు. 1929లో అమెరికాలోని డల్లస్ నగరమున బేలర్ ఆసుపత్రిలో జస్టిన్ ఫోర్డ్ కింబల్ అను అధికారి ఉండెను. ఆయన అంతకు పూర్వము ఆ ఊరి పాఠశాలలకు పెద్ద. ఆసుపత్రి బాకీల పుస్తకములో ఉపాధ్యాయుల పేర్లే అనేకము కనిపించగా, నెలకు అర డాలరు చొప్పున ఇచ్చువారికి ఏటా 21 దినముల ఆసుపత్రి చికిత్స ఇచ్చునట్లు ఏర్పాటు చేసెను. ఇట్టి పథకములే తరువాత బ్లూక్రాస్ అను పేర దేశమంతట వ్యాపించినవి. మన మహారాష్ట్ర సోదరులకు తెలిసిన వార్ధా ప్రాంతమున, సేవాగ్రాం కస్తూర్బా ఆసుపత్రి పల్లెవారి వద్ద పంటకాలమున జొన్నలనే చందాగా తీసికొన్నది.

అయితే అమెరికా అనుభవములో ఒక హెచ్చరిక ఉన్నది. ఆసుపత్రికి అయిన ఖర్చంతయు పథకము చెల్లించుట అలవాటయిన పిమ్మట, ఖర్చు తగ్గించవలెనను పట్టుదల ఎవరికిని లేకపోయినది. చికిత్స ధరలు పెరిగినవి. వానితో చందాయు పెరిగినది.

ఈ చిక్కునకు కర్ణాటకమున సహకార సంఘములు ఒక దారి చూపినవి. డాక్టర్ దేవీ శెట్టి ప్రోద్బలముతో 2003లో ఆరంభమయిన యశస్విని పథకమున తొలి ఏడు మనిషికి 60 రూపాయలు మాత్రమే చందా. సభ్యుల వద్ద వసూలు చేసినది సహకార సంఘములే. ప్రభుత్వమును కొంత సొమ్ము కలిపినది. ఏ ఆపరేషన్‌కు ఎంత అన్నది ముందే నిర్ణయించి, అనేక ఆసుపత్రులతో ఒప్పందము చేసికొన్నారు. 2018లో ఆగిన ఈ పథకము 2023లో మరల మొదలయినది. ఒంటరి నేతగాడు బేరమాడలేని ధరను లక్షలమంది కలిసి అడిగిరి; అదే దాని బలము.

కావున ఎవరు కార్డు తెచ్చినను ఈ నాలుగు ప్రశ్నలు అడుగుడు:

1. ఇది బీమాయా, తగ్గింపు కార్డా? బీమా అయినచో కంపెనీ పేరు, పాలసీ నంబరు ఏవి?

2. ఏయే జబ్బులకు, ఎంత సొమ్ము వరకు? ఇదివరకే ఉన్న జబ్బునకు ఎన్నాళ్లు ఆగవలెను?

3. చికిత్స ధరలు ముందుగా వ్రాసి ఇచ్చెదరా?

4. వేరొక ఊరి ఆసుపత్రిలో చెల్లునా?

ఇంకొక మాట. చేనేతవారికి కేంద్ర ప్రభుత్వము 2005-06లో ప్రారంభించిన ఆరోగ్య బీమా ఆగిపోయి చాలా ఏండ్లయినది. ఆ పాత కార్డులను పెట్టెలలో భద్రముగా దాచుకొన్నవారు ఇంకను ఉన్నారు. వానిని నమ్ముకొని ఆసుపత్రికి పోవద్దు. మీ రాష్ట్రమున ఇప్పుడు నడుచుచున్న ప్రభుత్వ పథకములో మీ కుటుంబము పేరున్నదో లేదో జబ్బు రాకముందే చూచుకొనుడు.

నూలు కొనునప్పుడు కౌంటు చూడక కొనము గదా! సభ్యులు ఏ కార్డుకయినను డబ్బు కట్టుటకు ముందు ఆ కాగితమును సంఘ ఆఫీసుకు తెచ్చి చదివించుకొనవలెనని, సెక్రటరీలు విసుగుకొనక చదివి చెప్పవలెనని నా మనవి. ఆ సభ్యుని కార్డు నేను ముందే చదివియుంటినేని, ఆ ఇంట నేడు రెండు మగ్గములును ఆడుచుండెడివి.